ప్రాసెస్ ఎప్పుడు పడింది, ఎంతసేపు లేవలేదు: చిన్న స్క్రిప్ట్‌తో పక్కా లెక్క రాసుకోవడం

"సిస్టమ్ పడిపోతోంది అంటారు గానీ ఎన్నిసార్లు పడిందో అడిగితే ఎవరి దగ్గరా లెక్క ఉండదు, దీనికేం చెయ్యాలి" అని బెంగళూరులో ఉన్న మనోళ్ళే చాలామంది అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్తుంటే సగం మిస్ అవుతోంది, అందుకే వరసగా రాస్తున్నా.

నేను దీన్ని మొదట పెట్టింది మారతహళ్లిలో నేను భోంచేసే ఆంధ్రా మెస్‌లో. కౌంటర్ కింద ఒక పాత డెస్క్‌టాప్, దాన్లో లినక్స్, దాని మీద టోకెన్లు కొట్టే బిల్లింగ్ ప్రాసెస్ (ప్రాసెస్ అంటే నడుస్తున్న ప్రోగ్రామ్). మెస్ నడిపే అన్న నన్ను చూసినప్పుడల్లా "తమ్ముడూ, మళ్ళీ పడిపోయింది, ఈ సాఫ్ట్‌వేరే బాలేదు" అనేవారు. ఎన్నిసార్లన్నా అంటే "చానాసార్లు" అనేవారు. చానాసార్లు అనే మాటతో ఏ రిపేరూ మొదలుపెట్టలేం. టైమ్ కావాలి, ఎంతసేపో కావాలి, పడింది ప్రాసెస్ ఒక్కటేనా లేక మెషీన్ మొత్తమా అనేది కావాలి. ఈ మూడూ చెప్పే స్క్రిప్ట్ ఎలా రాసుకోవాలో కింద ఉంది. బాష్‌లో రాసినా పైథాన్‌లో రాసినా వరస ఇదే, కమాండ్ల పేర్లు నోటితో పలికినట్టే రాశా.

1. ముందు తేల్చుకోవాల్సినవి

ఒక్క లైను కూడా టైప్ చెయ్యకముందు ఒక కాగితం తీసుకుని ఇవి రాసుకోండి.

- ఏ ప్రాసెస్‌ని చూడాలి, అది ఏ యూజర్ కింద నడుస్తోంది
- అది సిస్టమ్‌డీ సర్వీసా (అంటే లినక్సే స్టార్ట్ చేసి చూసుకునేదా), లేక ఎవరో టెర్మినల్లో చేత్తో స్టార్ట్ చేసి వదిలేసిందా
- ఏ పోర్టులో (అంటే రిక్వెస్ట్‌లు వచ్చే తలుపు నంబరు) జవాబిస్తుంది
- రోజులో ఏ టైమ్‌లో అది కచ్చితంగా ఉండాలి (మెస్‌కైతే పొద్దున 7 నుంచి రాత్రి 11)
- మెషీన్ టైమ్ కరెక్ట్‌గా ఉందా

రెండోది చేత్తో స్టార్ట్ చేసిందే అయితే అక్కడే ఆగి ముందు దాన్ని సర్వీసుగా మార్చండి. టెర్మినల్ మూసేస్తే చచ్చిపోయే ప్రాసెస్‌కి ఎంత మంచి లెక్క రాసినా ఉపయోగం లేదు.

ఆఖరిది చాలామంది చూడరు. పాత డెస్క్‌టాప్‌లలో మదర్‌బోర్డ్ మీద ఉండే గుండ్రటి సీఆర్2032 బ్యాటరీ అయిపోయి ఉంటది, కరెంటు పోయొచ్చాక గడియారం ఎప్పటిదో పాత తేదీకి వెళ్ళిపోద్ది, నెట్ దొరికి టైమ్ సింక్ అయ్యేదాకా లాగ్‌లో పడేదంతా తప్పే. రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న బోర్డ్ కంప్యూటర్లో అయితే 4వ మోడల్ వరకూ అసలు ఆ గడియారమే లేదు, 5లో ఉంది గానీ బ్యాటరీ విడిగా పెట్టుకోవాలి. టైమ్‌డేట్‌సీటీఎల్ కొట్టి సింక్ అయిందని చూపిస్తోందో లేదో చూడండి, బ్యాటరీ పాతదైతే మార్చేయండి.

2. ఉందా లేదా అని ఎలా అడగాలి

ఇక్కడ మూడు మెట్లు ఉన్నాయి, పైకి వెళ్ళేకొద్దీ జవాబు నమ్మకంగా ఉంటది.

మొదటి మెట్టు, పీగ్రెప్‌తో పేరు వెతకడం. అందరూ ఇక్కడే మొదలుపెడతారు, ఇక్కడే మోసపోతారు. మైనస్ ఎఫ్ పెడితే అది పూర్తి కమాండ్ లైన్‌లో వెతుకుద్ది, మీ స్క్రిప్ట్ ఫైలు పేరులో కూడా "బిల్లింగ్" అనే మాట ఉంటే మీ స్క్రిప్ట్‌నే చూసి "ఉంది" అనేస్తది. బిల్లింగ్ చచ్చి గంటైనా లాగ్‌లో అంతా పచ్చగా ఉంటది. కచ్చితమైన పేరు కోసం మైనస్ ఎక్స్ పెడితే ఇంకో తంటా, కెర్నెల్ (లినక్స్ గుండెకాయ లాంటి భాగం) ప్రాసెస్ పేరులో 15 అక్షరాలే గుర్తుపెట్టుకుంటది, పేరు అంతకంటే పొడుగైతే ఎప్పటికీ దొరకదు.

రెండో మెట్టు, సిస్టమ్‌సీటీఎల్ ఈజ్-యాక్టివ్. సర్వీసుగా పెట్టుకుంటే పేరు గొడవే లేదు, సూటిగా జవాబు వస్తది.

మూడో మెట్టు, ప్రాసెస్‌నే పలకరించడం. కర్ల్‌తో దాని పోర్టుకి ఒక రిక్వెస్ట్ పంపి 5 సెకన్లలో 200 (అంతా బాగుంది అనే కోడ్) జవాబు రాకపోతే పడినట్టే లెక్కేయండి. ప్రాసెస్ మెమరీలో ఉండి, సిస్టమ్‌డీ "యాక్టివ్" అంటూనే, కౌంటర్‌లో మాత్రం స్క్రీన్ బిగుసుకుపోయి ఉండే రోజులు ఉంటాయి. క్యూలో ప్లేటు పట్టుకుని నిలబడ్డవాడికి అది పడినట్టే కదా. టైమ్‌అవుట్ పెట్టడం మాత్రం మర్చిపోవద్దు, లేకపోతే బిగుసుకుపోయిన ప్రాసెస్ కోసం మీ స్క్రిప్ట్ కూడా అక్కడే బిగుసుకుపోద్ది.

నా సలహా, రెండూ మూడూ కలిపి వాడండి. సర్వీస్ యాక్టివ్, జవాబు లేదు అంటే "హ్యాంగ్". సర్వీసే లేదు అంటే "పడింది". రెండిటి రిపేరు వేరు కాబట్టి లాగ్‌లో పేర్లు కూడా వేరుగా పడాలి.

3. మూడు ఫైళ్ళు

ఒక ఫోల్డర్, దాన్లో మూడే ఫైళ్ళు. డేటాబేస్ అక్కర్లేదు. ఫోల్డర్‌ని టెంప్‌లో మాత్రం పెట్టొద్దు, రీబూట్ అయితే చాలా సిస్టమ్స్‌లో అది ఖాళీ అయిపోద్ది.

- హార్ట్‌బీట్ ఫైలు: ఒక్క లైనే, ప్రతి నిమిషం పాతది పోయి కొత్తది వస్తది. ఇప్పటి టైమ్ సెకన్లలో, బూట్ ఐడీ, ప్రాసెస్ పరిస్థితి, దాని పీఐడీ (ప్రాసెస్ నంబరు), పడి ఉంటే ఎప్పట్నుంచి.
- ఔటేజ్ (పడి ఉన్న సమయం) లాగ్: కింద చేర్చుకుంటూ పోయేదే, ఏదైనా మారినప్పుడే ఒక లైను పడుద్ది.
- ప్లాన్డ్ ఫైలు: మనమే ఆపబోతున్నప్పుడు పెట్టే గుర్తు.

మొత్తం పనిలో ప్రాణం హార్ట్‌బీట్ ఫైలే, దీన్ని కొంచెం నిదానంగా చదవండి. చాలామంది రాసే స్క్రిప్ట్ "ప్రాసెస్ చచ్చిందా? అయితే లాగ్ రాయి" అన్నట్టే ఉంటది. మరి కరెంటు పోతే? మెషీన్‌తోపాటు స్క్రిప్ట్ కూడా పోద్ది, తన చావు తను రాసుకోలేదు కదా. అందుకే చచ్చిన టైమ్ కాదు, బతికున్న టైమ్ రాస్తూ పోవాలి. లేచాక వెనక్కి చూసుకుంటే చివరి హార్ట్‌బీట్‌కీ ఇప్పటికీ మధ్య ఉన్న ఖాళీయే ఔటేజ్.

బూట్ ఐడీ అంటే ప్రాక్ కింద, సిస్, కెర్నెల్, ర్యాండమ్ అనే ఫోల్డర్లలోపల బూట్ అండర్‌స్కోర్ ఐడీ అనే ఫైల్లో ఉండే కోడ్. బూట్ అయిన ప్రతిసారీ మారుద్ది, అంతవరకూ మారదు. పోయినసారి రాసుకున్నదీ ఇప్పటిదీ వేరైతే మధ్యలో మెషీన్ ఆగి లేచిందని సందేహం లేకుండా తెలుస్తది.

4. స్క్రిప్ట్ వరస

నిమిషానికోసారి నడిచే స్క్రిప్ట్ ఇది. వరస మార్చొద్దు, ముఖ్యంగా నాలుగోదీ ఐదోదీ.

1) ఎఫ్‌లాక్‌తో తాళం వెయ్యండి, మైనస్ ఎన్ పెట్టి. పోయిన నిమిషంది ఇంకా నడుస్తుంటే ఇది గమ్మున బయటికి వెళ్ళిపోవాలి, రెండు కాపీలు ఒకే ఫైలు రాస్తే లెక్క చెడుద్ది.

2) ఇప్పటి టైమ్, బూట్ ఐడీ తీసుకోండి. టైమ్ ఎప్పుడూ సెకన్ల అంకెగా, మనిషి చదవడానికి తేదీ పక్కన విడిగా.

3) పాత హార్ట్‌బీట్ చదవండి. ఫైలు లేకపోయినా ఖాళీగా ఉన్నా "మొదలైంది" అని లాగ్‌లో ఒక లైను రాసి నేరుగా 5కి వెళ్ళండి. ఇప్పటి టైమ్ పాత టైమ్ కన్నా వెనక ఉంటే గడియారం తప్పింది, అదే మాట లాగ్‌లో రాసి, హార్ట్‌బీట్ ముట్టుకోకుండా ఆపేయండి, టైమ్ సింక్ అయ్యాక దానంతటదే సర్దుకుంటది.

4) ఖాళీ ఉందా చూడండి. బూట్ ఐడీ మారితే "మెషీన్ ఆగింది". మారలేదు గానీ ఖాళీ 150 సెకన్లు దాటింది అంటే క్రాన్ (స్క్రిప్ట్‌ని నిమిషానికోసారి నడిపేది) ఆగిందో, ల్యాప్‌టాప్ మూత మూసి నిద్రలోకి వెళ్ళిందో, దాన్ని "గమనించలేదు" అని రాయండి. ప్రాసెస్ పడిందని రాయొద్దు, మనకి తెలియదు కాబట్టి.

5) ఇప్పుడు ప్రాసెస్‌ని చెక్ చెయ్యండి. లేదు అని వస్తే వెంటనే నమ్మకుండా 10 సెకన్లు ఆగి ఇంకోసారి అడగండి.

6) పాత పరిస్థితితో పోల్చండి.
- ఉంది, ఇప్పుడు లేదు: "పడింది". మొదలైన టైమ్‌గా చివరిసారి బతికుండగా చూసిన టైమ్ వెయ్యండి.
- లేదు, ఇప్పుడు ఉంది: "లేచింది", మొత్తం ఎన్ని సెకన్లో పక్కనే.
- ఉంది, ఇప్పుడూ ఉంది, కానీ పీఐడీ మారింది, బూట్ ఐడీ మారలేదు: "మధ్యలో రీస్టార్ట్". నిమిషంలోపల పడి లేచినవి దొరికేది ఈ ఒక్క దాంతోనే.
- లేదు, ఇప్పుడూ లేదు: ఏమీ రాయొద్దు, మొదలైన టైమ్ అలాగే ముందుకు మొయ్యండి.
- మెషీన్ ఆగి లేచింది, ప్రాసెస్ ఉంది: ఒకే ఔటేజ్, చివరి హార్ట్‌బీట్ నుంచి ఇప్పటిదాకా.
- మెషీన్ లేచింది, ప్రాసెస్ ఇంకా లేవలేదు: అదే ఔటేజ్ కొనసాగుతోంది, రెండోది తెరవొద్దు. మెషీన్ ఆగకముందే ప్రాసెస్ పడి ఉంటే పాత టైమే ఉంచండి, లేకపోతే ఒకే గంటని రెండుసార్లు లెక్కేసినట్టు అవుద్ది.

7) ప్లాన్డ్ ఫైలు ఉంటే ఆ లైనుకి "ప్లాన్డ్" అనీ, లేకపోతే "అనుకోనిది" అనీ ముద్ర వెయ్యండి.

8) కొత్త హార్ట్‌బీట్‌ని పక్కన ఇంకో పేరుతో రాసి, సింక్ కమాండ్‌తో డిస్క్ మీదకి ఎక్కించి, అప్పుడు ఎమ్‌వీతో అసలు పేరు మీదకి మార్చండి. నేరుగా అసలు ఫైల్లోనే రాస్తుంటే సరిగ్గా ఆ క్షణంలో కరెంటు పోయిందనుకోండి, ఫైలు ఖాళీగా మిగులుద్ది, మనకి కావాల్సిన ఆ ఒక్క టైమూ పోద్ది.

లాగ్‌లో లైన్లు ఇలా కనిపించాలి:

16:02 | మెషీన్ ఆగింది | 16:02 నుంచి 16:31 | 1740 సెకన్లు | అనుకోనిది
21:14 | పడింది | కోడ్ 137 | అనుకోనిది
21:17 | లేచింది | 180 సెకన్లు

5. ఎంతసేపు కరెంటు, ఎంతసేపు మనం

"మెషీన్ ఆగింది" అన్న లైనుని ఇంకొంచెం విడగొట్టొచ్చు. ప్రాక్ కింద అప్‌టైమ్ అనే ఫైల్లో మొదటి అంకె మెషీన్ బూట్ అయ్యి ఎన్ని సెకన్లైందో చెప్తది. ఇప్పటి టైమ్‌లోంచి అది తీసేస్తే బూట్ అయిన టైమ్. చివరి హార్ట్‌బీట్ నుంచి అక్కడివరకూ మెషీన్ ఆగి ఉన్న టైమ్, అక్కణ్ణుంచి ప్రాసెస్ జవాబిచ్చేదాకా మన సర్వీస్ లేవడానికి పట్టిన టైమ్.

మెస్‌లో ఇది చూశాకే నాకు అసలు సంగతి తెలిసింది. కరెంటు వచ్చి ఫ్యాన్లు తిరుగుతున్నా, మెషీన్ బటన్ ఎవరో ఒకరు గుర్తొచ్చి నొక్కేదాకా అరగంట అలాగే ఉండేది. బయోస్‌లో (మెషీన్ ఆన్ అవ్వగానే తెరుచుకునే సెట్టింగ్స్) కరెంటు వచ్చాక దానంతటదే ఆన్ అయ్యే సెట్టింగ్ ఉంటది, పవర్ లాస్ అనే మాట ఉన్న మెనూలో వెతకండి, దాన్ని ఆన్‌లో పెట్టేశా. సర్వీస్‌ని కూడా ఎనేబుల్ చేసి ఉండాలి, స్టార్ట్ ఒక్కటే కొడితే ఈ బూట్ వరకే పనిచేస్తది.

6. ప్లాన్డ్ అంటే ఏది

దీంట్లో మీతో మీరు నిజాయితీగా ఉండాలి. ఆపకముందు ఫైలు పెడితేనే ప్లాన్డ్. ఆపేసి, గొడవ అయ్యాక వెనక్కి వెళ్ళి లాగ్‌లో "ప్లాన్డ్" అని దిద్దడం వద్దు, ఒక్కసారి దిద్దితే ఆ లాగ్‌ని మీరే నమ్మరు.

ప్లాన్డ్ ఫైల్లో రెండు మాటలు రాయండి, కారణం ఒకటి, ఎంతవరకు చెల్లుతుందో టైమ్ ఒకటి. ఆ టైమ్ దాటాక కూడా ప్రాసెస్ లేవకపోతే అక్కణ్ణుంచి అనుకోని ఔటేజ్ కిందే లెక్క. గడువు పెట్టకపోతే ఫైలు తీసేయడం మర్చిపోతారు, వారం తర్వాత నిజంగా పడినా "ప్లాన్డ్" అనే పడుద్ది.

బెస్కామ్ (బెంగళూరు కరెంటు సంస్థ) ముందే చెప్పే పవర్ కట్ సంగతి చాలామంది అడిగారు. ముందే తెలుసుకుని మెషీన్‌ని మీరే పద్ధతిగా షట్‌డౌన్ చేస్తే ప్లాన్డ్. తెలిసీ అలాగే వదిలేస్తే, బిల్లింగ్ డేటా మధ్యలో తెగిపోయే ప్రమాదం ఉంది కాబట్టి, నేనైతే అనుకోనిదే అని రాస్తా.

7. క్రాన్‌లో పెట్టడం

క్రాన్‌ట్యాబ్‌లో ఐదు స్టార్ గుర్తులు (*) మధ్యలో ఖాళీలతో పెట్టి స్క్రిప్ట్ పూర్తి దారి ఇస్తే నిమిషానికోసారి నడుస్తది, క్రాన్‌లో అంతకంటే తక్కువ గ్యాప్ కుదరదు, మనకి అక్కర్లేదు కూడా. టెర్మినల్లో బాగానే నడిచి క్రాన్‌లో నడవకపోతే ఈ మూడు చూడండి.

- క్రాన్‌కి మీ టెర్మినల్‌కి ఉన్నన్ని దారులు తెలియవు, స్క్రిప్ట్ లోపల ప్రతి కమాండ్‌కీ పూర్తి దారి ఇవ్వండి
- క్రాన్‌ట్యాబ్ లైన్లో పర్సెంట్ గుర్తు ఉంటే దాన్ని కొత్త లైను అనుకుంటది, తేదీ ఫార్మాట్లన్నీ స్క్రిప్ట్ లోపలే పెట్టండి
- చెమాడ్‌తో ఎగ్జిక్యూట్ పర్మిషన్ ఇచ్చారో లేదో, ఫోల్డర్ ఆ యూజర్‌దో కాదో

8. ఎందుకు పడిందో ఆనవాళ్ళు

"పడింది" అని పడ్డ క్షణంలోనే స్క్రిప్ట్ కొన్ని ఆనవాళ్ళు తీసి పక్కన పెట్టాలి, రేపు చూద్దాంలే అంటే అవి ఉండవు. సర్వీస్ చివరి 30 లాగ్ లైన్లు, మెమరీ ఎంత మిగిలింది, డిస్క్ ఎంత మిగిలింది, ఎగ్జిట్ కోడ్ (ప్రాసెస్ ఆగుతూ వదిలే నంబరు).

షెల్ పద్ధతిలో ఎగ్జిట్ కోడ్ 128 దాటితే అందులోంచి 128 తీసేయండి, మిగిలింది సిగ్నల్ నంబరు, అంటే ప్రాసెస్‌ని ఆపిన ఆదేశం ఏదో. 137 అంటే 9, ఎవరో బలవంతంగా చంపారు, చాలాసార్లు మెమరీ అయిపోయి కెర్నెలే చంపి ఉంటది, జర్నల్‌సీటీఎల్ మైనస్ కే లో (కెర్నెల్ లాగ్ చూపించే కమాండ్) "అవుట్ ఆఫ్ మెమరీ" అని వెతకండి. 143 అంటే 15, మర్యాదగా ఆపమన్నారు, అంటే మనిషో ఇంకో ప్రోగ్రామో ఆపింది. 139 అంటే 11, ప్రోగ్రామ్‌లోనే తప్పుంది, డెవలపర్‌కి పంపండి. సిస్టమ్‌డీని అడిగితే అది ఈ కూడిక చెయ్యకుండా నేరుగా సిగ్నల్ నంబరే చెప్తది, 9 కనిపించినా 137 కనిపించినా సంగతి ఒకటే.

మెషీన్ మొత్తం ఆగితే జర్నల్‌సీటీఎల్ మైనస్ బీ మైనస్ 1 తో పోయిన బూట్ చివరి లైన్లు చూడండి. పద్ధతిగా ఆపితే సర్వీసులు ఒక్కొక్కటీ ఆగుతున్న లైన్లు వరసగా ఉంటాయి, కరెంటు పోతే ఏదో మామూలు లైను దగ్గర తెగిపోయి ఉంటది. పాత బూట్ లైన్లు అసలు కనిపించకపోతే వార్ కింద లాగ్‌లో జర్నల్ అనే ఫోల్డర్ లేదని అర్థం, జర్నల్ సెట్టింగ్స్‌లో స్టోరేజ్‌ని పర్సిస్టెంట్ చెయ్యండి, ఇది ఇవాళే చెయ్యండి.

9. నమ్మేముందు పడగొట్టి చూడండి

కస్టమర్లు లేని టైమ్‌లో, డేటా బ్యాకప్ తీసుకుని, ఒక్కోటీ చేసి లాగ్ చూడండి.

- కిల్ మైనస్ 9 కొట్టండి: "పడింది" రావాలి, ఆటో రీస్టార్ట్ ఉంటే "మధ్యలో రీస్టార్ట్" రావాలి
- కిల్ మైనస్ స్టాప్ కొట్టండి, ప్రాసెస్ ఉంటది కానీ పలకదు: "హ్యాంగ్" రావాలి, తర్వాత మైనస్ కాంట్‌తో లేపండి
- ప్లాన్డ్ ఫైలు పెట్టి సర్వీస్ ఆపండి, గడువు దాటేదాకా ఆగండి: ముద్ర మారాలి
- రీబూట్ చెయ్యండి: ఒకే ఒక్క ఔటేజ్ లైను రావాలి
- క్రాన్‌ని 5 నిమిషాలు ఆపండి: "గమనించలేదు" రావాలి

రెండోది ఫెయిలైతే మీ చెక్ ఇంకా మూడో మెట్టు ఎక్కలేదని అర్థం, మళ్ళీ 2వ భాగానికి వెళ్ళండి.

10. నెలాఖరు లెక్క

30 రోజుల నెలకి 43,200 నిమిషాలు. 99.9 శాతం కావాలంటే నెలంతా కలిపి 43.2 నిమిషాలే పడొచ్చు, 99 శాతం అంటే 7 గంటల 12 నిమిషాలు. కానీ మెస్ లాంటి చోట 24 గంటల లెక్క అబద్ధం చెప్తది. 7 నుంచి 11 దాకా రోజుకి 16 గంటలే చూస్తే నెలకి 28,800 నిమిషాలు, అందులో 90 నిమిషాలు పడితే 99.69 శాతం, అదే 24 గంటల మీద వేస్తే 99.79 అని మెరుగ్గా కనిపిస్తది. పని టైమ్ మీదే వెయ్యండి. ఒక్కో ఔటేజ్‌కీ రెండు చివర్లా కలిపి రెండు నిమిషాల దాకా ఎక్కువ పడొచ్చు, ఆ సంగతి రిపోర్ట్ కింద ఒక లైన్లో చెప్పేయండి. "గమనించలేదు" అన్న నిమిషాలు అటూ ఇటూ కలపకుండా విడిగా చూపించండి.

శాతం కన్నా పనికొచ్చేది టైమ్ ప్రకారం పేర్చి చూడటం. అన్ని ఔటేజ్‌లనీ తేదీ వదిలేసి గంటల వారీగా సార్ట్ చెయ్యండి. మెస్ లాగ్ రెండు వారాలది అలా పేర్చితే "మెషీన్ ఆగింది" అన్నవి దాదాపు అన్నీ సాయంత్రం 4 దాటాకే ఉన్నాయి. అన్నకి చూపిస్తే కాసేపు చూసి "4 గంటలకి దోసె పిండి గ్రైండర్ వేస్తాం కదా తమ్ముడూ" అన్నారు. గ్రైండర్, డెస్క్‌టాప్ ఒకే లైన్ మీద ఉన్నాయి, గ్రైండర్ స్టార్ట్ అయినప్పుడల్లా బ్రేకర్ ట్రిప్ అవుతోంది. ఎలక్ట్రీషియన్ వచ్చి గ్రైండర్‌కి విడిగా లైన్ లాగాక ఆ టైమ్‌లో గ్యాప్‌లు ఆగిపోయాయి. ఇన్నాళ్ళూ తిట్లు తిన్న బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ పేరు మీద ఆ రెండు వారాల్లో నిజంగా ఉన్నవి రెండే, రెండూ 137లు, ర్యామ్ పెంచాక అవీ రాలేదు.

11. పెట్టాక మర్చిపోకూడనివి

- ఆటో రీస్టార్ట్ పెట్టాం కదా అని లాగ్ మానేయొద్దు. సిస్టమ్‌డీ మామూలు సెట్టింగ్‌లో 10 సెకన్లలో 5 సార్లు స్టార్ట్ అయిపోతే ఆ తర్వాత లేపడం మానేస్తది
- ఔటేజ్ లాగ్‌ని లాగ్‌రొటేట్‌కి (పాత లాగ్‌లని తీసేసే ప్రోగ్రామ్) అప్పగిస్తే పాతవి ఎన్నాళ్ళు ఉంచాలో మీరే చెప్పండి, కనీసం ఏడాది ఉంచండి
- డిస్క్ నిండితే లాగ్ కూడా పడదు, 90 శాతం దాటితే ముందే ఒక లైను రాయించండి
- వెంటనే కబురు కావాలంటే అది ఇదే మెషీన్ నుంచి పంపిస్తే చాలదు, ఆగిపోయిన మెషీన్ ఏ మెసేజ్ పంపలేదు. ఇంకోచోట ఉన్న ఇంకో మెషీన్ దీన్ని నిమిషానికోసారి పలకరించి, మూడుసార్లు వరసగా జవాబు లేకపోతే టెలిగ్రామ్‌కి మెసేజ్ పంపేలా పెట్టండి
- నెలకోసారి కిల్ మైనస్ 9 పరీక్ష మళ్ళీ చెయ్యండి. బిల్లింగ్‌కి అప్‌డేట్ వచ్చి పోర్టు మారితే స్క్రిప్ట్ పాత పోర్టునే పలకరిస్తూ కూర్చుంటది